నాలుగున్నరేళ్ల బాబు కుదురుగా ఉండడం లేదు, స్కూల్లో ఏడీహెచ్‌డీ అంటున్నారు: ఏం చేయాలి?

అమ్మా, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతా తల్లిదండ్రులకీ అర్థమయ్యేలా మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను. మీది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట. బాబుకి నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. మీవారు పని మీద హైదరాబాద్‌లో ఉంటారు. ఇంట్లో మీరు, అత్తగారు, మామగారు. బాబు ఒకచోట కూర్చోడు, వరసలో ఆగడు, పక్కవాడి చేతిలో ఉన్నది లాక్కుంటాడు, కోపం వస్తే కొడతాడు, చెయ్యి వదిలితే రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. టీచరు ‘ఏడీహెచ్‌డీలా ఉంది, డాక్టరుకి చూపించండి, లేదంటే వేరే స్కూలు చూసుకోండి’ అన్నారు. ఏడీహెచ్‌డీ అంటే వయసుకి మించిన దుడుకుతనం, తొందరపాటు, నిలకడ లేకపోవడం కనిపించే ఎదుగుదల సమస్య. అత్తగారు ‘మగపిల్లాడు అలాగే ఉంటాడు, వాళ్ల నాన్నా అంతే’ అంటున్నారు. ఇది జబ్బేనా, మందులు వాడాలా, స్కూలు మార్చాలా అని అడిగారు.

చాలా ఏళ్లుగా చిన్నపిల్లల ప్రవర్తన సమస్యల మీద పనిచేస్తున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినంతా చెబుతాను. ఇందులో ఒక్కటే గుర్తుపెట్టుకున్నా చాలు: జబ్బుకి పేరు తేలడానికి టైమ్ పడుతుంది, ఇంట్లో చేయాల్సిన పని మాత్రం ఆ పేరు కోసం ఆగక్కర్లేదు. పేరు ఏదైనా, ఏ పేరూ లేకపోయినా, ఈ వయసులో మొదటి వైద్యం పెద్దవాళ్లు పిల్లాడితో మెలిగే తీరులోనే ఉంది.

అలాగని తప్పంతా మీదే అనుకోకండి. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ‘పెంపకం సరిగ్గా లేదు’ అన్న మాట మీరు విని విని అలసిపోయి ఉంటారు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చూస్తే ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాత్ర 70 నుంచి 80 శాతం దాకా ఉంటుందని తేలింది. మీ అత్తగారి మాటలో నిజం ఉండే అవకాశం ఉంది. నెలలు నిండకముందే పుట్టిన పిల్లల్లో, బాగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఇది కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. పెంపకం వల్ల ఇది పుట్టదు. కానీ పెద్దల తీరు మారితే దుడుకుతనం తగ్గుతుంది. మన చేతిలో ఉన్న భాగం అదే.

మీరు రాసినదాంట్లో నాకు ముందు కనిపించింది రోడ్డు. ఇల్లు హైవేకి దగ్గరని రాశారు. ఆ దారిలో లారీలు ఎంత వేగంగా వెళ్తాయో నేను చెప్పక్కర్లేదు. నాలుగేళ్ల పిల్లాడికి ‘రోడ్డు మీదికి వెళ్లకూడదు’ అన్న మాట వచ్చు, అడిగితే అప్పజెబుతాడు కూడా. కానీ బంతి దొర్లిన క్షణంలో ఆ మాట గుర్తొచ్చేలోపే కాళ్లు వెళ్లిపోతాయి. అందుకని చెప్పడం మీద ఆధారపడకండి. గేటుకి వాడికి అందని ఎత్తులో గొళ్లెం పెట్టించండి. రోడ్డు మీద వేళ్లు కాకుండా మణికట్టు పట్టుకుని నడవండి. మేడ మెట్లు, నూతి గట్టు, గ్యాస్ పొయ్యి, మామగారి మాత్రల డబ్బా, పొలానికి తెచ్చిన పురుగుమందు: ఇవన్నీ ఈ రోజే ఒకసారి చూసుకోండి. ఇలాంటి పిల్లలకు దెబ్బలు, ప్రమాదాలు మిగతావాళ్ల కంటే ఎక్కువ జరుగుతాయి.

ఇక జబ్బేనా అన్న ప్రశ్న. మెదడులో ఆగడానికి, ఆలోచించడానికి పనికొచ్చే భాగం బండికి బ్రేకు లాంటిది. నాలుగేళ్లకి ఆ బ్రేకు ఏ పిల్లాడిలోనూ పూర్తిగా తయారు కాదు. కొందరిలో ఇంకా ఆలస్యమవుతుంది. 2007లో అమెరికా పరిశోధకులు పిల్లల మెదడు స్కాన్‌లు పోల్చి చూసినప్పుడు, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో మెదడు పై పొర ఎదుగుదల సగటున మూడేళ్లు వెనక నడుస్తోందని, అయినా అదే క్రమంలో ఎదుగుతోందని కనిపించింది. కాబట్టి ‘కావాలని చేస్తున్నాడు’ అన్న అనుమానం తీసేయండి. పెద్దవాళ్లు చెప్పిన పని మీద ఈ వయసు పిల్లాడు ఎనిమిది, పది నిమిషాలు నిలబడితే అది బాగున్నట్టే. అరగంట కూర్చుని రెండు పేజీలు రాయాలంటే అది పిల్లాడి లోపం కాదు, అడిగేవాళ్ల అంచనాలో లోపం.

ఏడీహెచ్‌డీ అని నిర్ధారించాలంటే కనీసం ఆరు నెలలుగా ఆ లక్షణాలు ఉండాలి. ఇంట్లో, స్కూల్లో, ఇలా రెండు చోట్లయినా కనిపించాలి. అదే వయసు పిల్లల కంటే స్పష్టంగా ఎక్కువగా ఉండి, ఆటకీ స్నేహాలకీ నేర్చుకోవడానికీ అడ్డం రావాలి. దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. ఎవరైనా పది నిమిషాలు చూసి తేల్చేసినా, స్కాన్ తీసి ఏడీహెచ్‌డీ పట్టుకుంటామన్నా అక్కడి నుంచి వచ్చేయండి. నాలుగేళ్ల లోపు పిల్లల్లో ఈ పేరు పెట్టడానికి డాక్టర్లు సాధారణంగా తొందరపడరు. మీవాడు ఆ గీత ఇప్పుడే దాటాడు.

టీచరు మాట కొట్టిపారేయమని నేను అనను, ఆవిడ రోజూ అదే వయసు పిల్లలను పక్కపక్కన చూస్తున్నారు. అయితే ఒక సంగతి చూడండి: మీవాడు క్లాసులో అందరికంటే చిన్నవాడా? మన దగ్గర రెండున్నరేళ్లకే నర్సరీలో వేసేస్తున్నారు. అలాంటప్పుడు ఒకే బెంచీ మీద దాదాపు ఏడాది తేడా ఉన్న పిల్లలు కూర్చుంటారు. ఆ వయసులో ఏడాది అంటే చాలా పెద్ద తేడా. 2018లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం దీన్నే చూపించింది. సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండితేనే చేర్చుకునే రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి క్లాసులో అందరికంటే చిన్నవాళ్లైన పిల్లలకు, సెప్టెంబర్‌లో పుట్టి అందరికంటే పెద్దవాళ్లైన పిల్లల కంటే 34 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ అని రాశారు. వయసు తక్కువ కావడాన్నే జబ్బు అనుకున్న కేసులు అందులో ఎన్నో ఉంటాయి. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. మీకు తొందరేమీ లేదు.

పేరు సంగతి అలా ఉంచి, శరీరం వైపు నుంచి నాలుగు విషయాలు తప్పకుండా చూపించండి. మొదటిది నిద్ర. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటలు కావాలి. హాల్లో రాత్రి పదిన్నర దాకా సీరియళ్లు నడుస్తూ, పొద్దున్నే స్కూలు వ్యాను వస్తుంటే ఆ లెక్క కుదరదు. నిద్ర చాలని పెద్దవాళ్లు నీరసపడతారు, చిన్నపిల్లలు చాలామంది రెచ్చిపోతారు. రోజూ గురక పెడుతూ, నోరు తెరిచి నిద్రపోతుంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్ గ్రంథులు పెరిగాయేమో ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. రెండోది చెవులు. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. ‘పిలిస్తే పలకడు, చెప్పింది వినడు’ అన్న ఫిర్యాదు వెనక ఇదే ఉన్న పిల్లలు ఉంటారు. మూడోది రక్తహీనత. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు, మన రాష్ట్రంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో సగం మందికి పైగా అది ఉంది. ఇనుము తక్కువైతే చిరాకు, నిలకడ లేకపోవడం పెరుగుతాయి. నులిపురుగుల మాత్ర వేయించారో లేదో కూడా చూసుకోండి. నాలుగోది మాట. నాలుగేళ్లు దాటిన పిల్లాడు వాక్యాల్లో మాట్లాడాలి, బయటివాళ్లకీ అర్థం కావాలి. మాట రాక చెయ్యి వాడే పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్లకు కావాల్సింది స్పీచ్ థెరపీ.

తిండి గురించి అందరూ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. పంచదార వల్ల పిల్లలు రెచ్చిపోతారన్నది పరీక్షల్లో నిలబడలేదు. రంగులు కలిపిన తినుబండారాల ప్రభావం కొందరు పిల్లల్లో కొంచెం కనిపించింది. ఎలాగూ అవి మానేస్తే నష్టం లేదు. పొద్దున్న చోడి (రాగి) అంబలో, ఇడ్లీయో, గుడ్డో కడుపు నిండా పెట్టి పంపించండి. జ్ఞాపకశక్తి టానిక్కుల మీద డబ్బు పెట్టకండి.

ఇక అసలు పని. రోజూ పది, పదిహేను నిమిషాలు వాడితో ఆడండి. ఆట వాడిది, మీరు వాడి వెనక నడిచేవాళ్లు మాత్రమే. చింతపిక్కలు కావచ్చు, వంటింట్లో డబ్బాలు కావచ్చు. ఫోను వేరే గదిలో ఉండాలి. ‘ఇది ఏ రంగు, ఎన్ని ఉన్నాయి చెప్పు’ అని పరీక్షలు పెట్టకండి. వాడు చేస్తున్నదే మాటల్లో చెప్పండి: ‘పెద్ద డబ్బా కింద పెట్టావు, దాని మీద చిన్నది పెడుతున్నావు.’ పొద్దుటి నుంచి రాత్రి దాకా ‘వద్దు, ఆగు, ముట్టుకోకు, దిగు’ అన్న మాటలే వినే పిల్లాడికి మీతో గొడవ లేకుండా గడిచే సమయం ఇదొక్కటే. మీకు తీరిక లేదని తెలుసు. మిగతా వాటిలో ఏది వదిలేసినా దీన్ని మాత్రం వదలకండి, ఎందుకంటే మీ మాట వాడికి విలువైనదిగా అనిపించేది ఇక్కడి నుంచే. ఇక్కడ ఆ బంధం లేకపోతే కింద చెప్పేవేవీ పనిచేయవు.

మెచ్చుకోవడం నేర్చుకోవాలి. ‘మంచి బాబు’ అంటే వాడికి ఏది మంచో తెలియదు. ‘నా చెయ్యి వదలకుండా కొట్టు దాకా నడిచావు’, ‘చెల్లి అడిగితే బొమ్మ ఇచ్చావు’ అని చేసిన పని పేరు పెట్టి, చేసిన వెంటనే చెప్పాలి. సాయంత్రం చెబితే ఈ పిల్లలకు అందదు. మీ అత్తగారు ‘పొగిడితే దిష్టి తగులుతుంది’ అనొచ్చు. ఆవిడతో వాదన పెట్టుకోకండి. పిల్లాడి అందాన్నో తెలివినో పొగడటం లేదని, చేసిన పనిని గుర్తిస్తున్నామని చెప్పండి. కావాలంటే రాత్రి ఆవిడనే దిష్టి తీయమనండి. ఆవిడ కూడా మీతో కలిస్తేనే ఇది నడుస్తుంది.

చెప్పే పద్ధతి మార్చండి. వంటింట్లోంచి ‘ఎన్నిసార్లు చెప్పాలి, చెప్పులు తీసి లోపల పెట్టి చేతులు కడుక్కుని రా’ అని కేకేస్తే అందులో మూడు పనులు, ఒక కోపం ఉన్నాయి. వాడికి చేరేది కోపం ఒక్కటే. దగ్గరికి వెళ్లి, వంగి, భుజం మీద చెయ్యి వేసి, పేరు పెట్టి పిలిచి, ‘చెప్పులు గూట్లో పెట్టు’ అని ఒక్కటే చెప్పండి. మనసులో అయిదు లెక్కపెట్టేదాకా ఆగండి. పెట్టగానే ‘చెప్పగానే పెట్టేశావు’ అనండి. తరవాత రెండోది. ‘పెడతావా?’ అని అడగకండి, అడిగితే ‘పెట్టను’ అనే హక్కు వాడికి ఇచ్చినట్టే.

ఏడుపు, గునుపు, కాళ్లు నేలకేసి కొట్టడం లాంటివి చూడనట్టు ఉండండి. చూడనట్టు ఉండటం మొదలుపెట్టిన మొదటి వారం, పది రోజులు అవి తగ్గవు, పెరుగుతాయి. ఇన్నాళ్లూ పనిచేసినది పనిచేయకపోతే పిల్లాడు గట్టిగా ప్రయత్నిస్తాడు. సరిగ్గా అక్కడే ఇంట్లో ఎవరో ఒకరు ‘పోనీలే, ఏడుస్తున్నాడు, ఇచ్చేయ్’ అంటారు. అలా ఇచ్చేస్తే ఇంకా గట్టిగా ఏడవాలని వాడికి మనమే నేర్పినట్టు. ముందే అత్తమామలతో కూర్చుని, దేనికి లొంగకూడదో రెండే రెండు విషయాలు ఒప్పందం చేసుకోండి. పది నియమాలు పెడితే ఏదీ నిలవదు.

కొట్టడం, కొరకడం, రాయి విసరడం మాత్రం చూడనట్టు ఉండేవి కావు. జరిగిన వెంటనే, అరవకుండా, ‘కొట్టావు, కూర్చో’ అని మీకు కనిపించే చోటే ఆట నుంచి పక్కకు తీసుకెళ్లి మూడు, నాలుగు నిమిషాలు కూర్చోబెట్టండి. ఉపన్యాసం వద్దు. చీకటి గదిలో పెట్టడం, బూచాడొస్తాడనడం, పోలీసుకి ఇచ్చేస్తాననడం వద్దు. టైమ్ అయ్యాక మళ్లీ ఆటలోకి పంపి, మొదటిసారి సరిగ్గా అడిగి తీసుకున్నప్పుడు మెచ్చుకోండి. మరి తిరిగి కొట్టడం? దీని మీద నా అభిప్రాయం గట్టిది. కొట్టకూడదు, చిన్న దెబ్బ కూడా వద్దు. దుడుకు పిల్లాడు కొట్టినవాడిని చూసి కొట్టడమే నేర్చుకుంటాడు. భయం ఆ పూట ఆపుతుంది గానీ ఆగడం నేర్పదు. స్కూల్లో కొడుతున్నారేమో కూడా కనుక్కోండి.

ఆగడం నేర్పేవి ఆటలే. స్టాచ్యూ ఆటలో కదలకుండా నిలబడాలి. దాగుడుమూతల్లో లెక్కపెట్టడం అయ్యేదాకా కళ్లు తెరవకూడదు. మీ వీధిలో నలుగురు పిల్లలుంటే సాయంత్రం ఒక గంట బయట వదిలి మీరు గట్టు మీద కూర్చోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజులో మూడు గంటలు ఏదో ఒక కదలికలో ఉండాలి, అందులో ఒక గంట ఒంటికి శ్రమ అనిపించేలా పరుగులు పెట్టాలి. ఫోను, టీవీ అన్నీ కలిపి గంట దాటకూడదు. ‘ఫోనిస్తే గంటసేపు కదలడు, ఏకాగ్రత ఉందిగా’ అని చాలామంది తల్లులు అంటారు. ఫోనులో ప్రతి క్షణం కొత్త బొమ్మ వస్తుంది, అక్కడ ఆగాల్సిన పనే లేదు. అది ఏకాగ్రతకు సాక్ష్యం కాదు. అన్నం పెట్టేటప్పుడు ఫోను తీసేయడంతో మొదలుపెట్టండి. రెండు రోజులు తక్కువ తింటాడు, ఫరవాలేదు.

మీవారి సంగతి. దూరంగా ఉన్న తండ్రిని ఇంట్లో బెదిరింపుకి వాడుతుంటాం: ‘ఉండు, నాన్నకు చెబుతాను.’ అది మానేసి, రాత్రి వీడియో కాల్‌లో ఆ రోజు వాడు చేసిన ఒక మంచి పని తండ్రికి మీరే చెప్పండి, వాడు వింటుండగా. తండ్రి దాని గురించే మాట్లాడాలి. ఫిర్యాదులు వాడు నిద్రపోయాక.

మందుల విషయం. ఆరేళ్ల లోపు పిల్లలకు, వాళ్లతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే మొదటి వైద్యమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాల్లో ఉంది. అది సరిగ్గా చేసినా ఫలితం లేక, ఇబ్బంది తీవ్రంగా ఉంటేనే నాలుగు, అయిదేళ్ల పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు గురించి ఆలోచించమంటుంది. 2006లో ఫలితాలు వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ వయసు పిల్లలకు మందు పనిచేసింది, కానీ పెద్ద పిల్లల్లో పనిచేసినంత కాదు. చిరాకు, ఆకలి తగ్గడం లాంటి ఇబ్బందులు ఎక్కువ వచ్చాయి. మందంటే భయపడమని చెప్పడం లేదు, అవసరమైన పిల్లలకు అది మేలు చేస్తుంది. మీవాడు ఇంకా ఆ మెట్టు దగ్గరికి రాలేదు. రెండు, మూడు నెలలు పైవి ఇంటిల్లిపాదీ చేసి చూసి, అప్పటికీ మార్పు లేకపోతే నిపుణులను కలవండి.

కొన్ని ఉంటే మాత్రం ఆ నెలలు కూడా ఆగకండి: పేరు పెట్టి పిలిస్తే చూడకపోవడం, తోటి పిల్లల మీద ఆసక్తే లేకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఆడుతూ ఆడుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం. ఈ చివరిది ఒక రకం మూర్ఛ కావచ్చు. నిన్నటి దాకా బాగున్న పిల్లాడు ఉన్నట్టుండి మారిపోయినా, పక్క తడపడం, ఎవరినో చూసి బెదరడం మొదలైనా, స్కూల్లో, వ్యానులో, చుట్టుపక్కల ఇళ్లలో ఏమైనా జరిగిందేమో నెమ్మదిగా కనుక్కోవాలి.

ఎక్కడికి వెళ్లాలంటే, శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పిల్లల విభాగం ఓపీకి వెళ్లి డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయపడే జిల్లా కేంద్రం) గురించి అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల ఎదుగుదల సమస్యలు ఉచితంగా చూస్తారు, ఆ జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. అంగన్‌వాడీ పిల్లలైతే పరీక్ష బృందమే కేంద్రానికి వస్తుంది. ఇంకా లోతుగా చూపించాలంటే విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. మీకే మనసు బాగోలేని రాత్రి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. వెళ్లేటప్పుడు ఇంట్లో మామూలుగా ఉన్నప్పుడు తీసిన చిన్న వీడియో, టీచరు రాసిచ్చిన నాలుగు ముక్కలు, వారం రోజుల నిద్ర లెక్క తీసుకెళ్లండి. డాక్టరు గదిలో చాలామంది పిల్లలు బుద్ధిగా కూర్చుంటారు, దాన్ని బట్టి తేల్చడం కుదరదు.

చివరిగా స్కూలు. మార్చే ముందు టీచరుతో ఒక్కసారి, పిల్లాడు పక్కన లేకుండా, నెమ్మదిగా కూర్చోండి. ముందు వరసలో తన దగ్గర కూర్చోబెట్టమనండి. పది నిమిషాలకోసారి సుద్దముక్కలు తేవడమో, పుస్తకాలు పంచడమో ఏదో ఒక పని చెప్పి లేపమనండి. రాతపని సగానికి తగ్గించమనండి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రమే ఆటల ద్వారా నేర్పమంటోంది, హెడ్‌మిస్ట్రెస్‌కి ఆ మాట చెప్పండి. ఒప్పుకుని ప్రయత్నిస్తే ఆ స్కూల్లోనే ఉంచండి, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి అలవాటు పడటం ఇలాంటి పిల్లలకు కష్టం. కొడుతున్నా, అందరి ముందు ‘పిచ్చోడు’ లాంటి మాటలు అంటున్నా ఏడాది పూర్తయ్యేదాకా కూడా ఆగకండి, తీసేయండి. అప్పుడు ర్యాంకుల బోర్డు చూడకుండా, ఆడుకోవడానికి జాగా ఉండి, క్లాసులో పిల్లలు తక్కువ ఉన్న స్కూలు వెతకండి. దగ్గర్లో మంచి అంగన్‌వాడీ టీచరు ఉంటే ఆ ఏడాదికి అదీ చక్కగా సరిపోతుంది.